ఖాళీ సీసా లెక్క

"ఇంత చిన్న సీసా నన్నారి సోడా 60 రూపాయలట! కింద రోడ్డు మీద చెరుకు రసం 20కే దొరుకుతోంది. మన జీతాలు చూసి రేట్లు వేస్తున్నారు బ్రో, అంతే."

మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్లలో, కొండాపూర్ సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌ల ముందు, రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గర ఈ మాట చాలాసార్లు విన్నాను. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. అద్దెలు, స్కూలు ఫీజులు, ఈఎంఐలు మోస్తూ నెలాఖరుకు జేబులు తడుముకునేవాళ్లే. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచీ ఈ ప్రాంతంలో ప్లేటు ఇడ్లీ మొదలు హాస్టల్ మంచం దాకా ధరలన్నీ ఐటీ జీతం వెంటే పరుగెత్తాయి. సోడా సీసా కూడా ఆ బాపతే అని వాళ్లు నమ్మేశారు. హాస్టల్ మంచం విషయంలో నిజమైన మాట సీసా విషయంలో నిజం కాదు. చిన్న తయారీదారుడి సీసా మీద ఉన్న ఆ 60ని జీతాలు నిర్ణయించలేదు. గాజు, గ్యాసు, పన్ను, గడువు తేదీ, అప్పు కలిసి నిర్ణయించాయి. అతణ్ని దోపిడీదారు అనేముందు ఆ లెక్క చూడాలి.

ముందు చెరుకు రసం సంగతి. బండి దగ్గర మీరు కొనేది రసం మాత్రమే. సీసాలో కొనేది రసాన్నీ, దాని ఆయుష్షునీ. గానుగలోంచి దిగిన చెరుకు రసానికి గాలి తగిలితే చాలు, గడలోని ఎంజైములు పని మొదలుపెట్టి రంగు ముదిరిపోతుంది. బండివాడికి ఆ బెంగ లేదు. ఐసు వేసి ఇస్తాడు, మీరు రెండు నిమిషాల్లో తాగేస్తారు, గ్లాసు కడిగి బోర్లిస్తాడు. అదే రసం మూడు వారాలు నిలవాలంటే వేడి చేయాలి. వేడి చేస్తే పచ్చి చెరుకు వాసన పోతుంది. ఎక్కువ వేడి వద్దనుకుంటే నిమ్మ పులుపుతో పీహెచ్‌ను 4.6 కంటే కిందికి దించాలి, అప్పుడే బొట్యులిజం తెచ్చే సూక్ష్మజీవి తలెత్తదు. ఆ పైన షాపులో ఫ్రిజ్ దాకా చల్లదనం తెగకుండా మోయాలి. పులుపు ఒక పిసరు ఎక్కువైతే కొన్నవాడు మళ్లీ కొనడు, తక్కువైతే సీసా ఉబ్బుతుంది.

రాగి జావ ఇంకా మొండిది. పొద్దున ఏడింటికి గచ్చిబౌలి ఫుట్‌పాత్ మీద స్టీలు డ్రమ్ములోంచి పోసిచ్చే జావ కడుపుకు చల్లగా ఉంటుంది, నేనూ తాగుతాను. దాన్ని సీసాలోకి ఎక్కించి చూడండి. పిండి అడుక్కి దిగుతుంది, పైన నీళ్లు తేలతాయి. పులుపు తక్కువ కాబట్టి మామూలు మరుగు చాలదు, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి రిటార్ట్ యంత్రం కావాలి. మజ్జిగ సీసాలో పెట్టాక కూడా పులుస్తూనే ఉంటుంది. నీరా చెట్టు దిగీ దిగకముందే పులుపు అందుకుంటుంది. 2023 మేలో నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచినప్పుడు చాలామంది "ఇంకేం, సీసాల్లో పోసి ఐటీ కారిడార్‌కు పంపొచ్చు" అన్నారు. తాటిచెట్టు నుంచి హైటెక్ సిటీ దాకా చల్లదనం ఒక్కచోట తెగినా అది కల్లయిపోతుందని ఆ మాట అన్నవాళ్లు ఆలోచించలేదు.

చల్లదనం అంటే కరెంటు, వ్యాను, డ్రైవరు, ట్రాఫిక్. మాదాపూర్‌లో ఫ్యాక్టరీ పెట్టుకోలేరు, ఆ అద్దెలకు ఎవరూ ఆగలేరు. కాబట్టి చిన్న యూనిట్లు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు షెడ్లలో ఉంటాయి. అక్కడి బోరు నీళ్లు ఉప్పన, ఆర్వో పెట్టక తప్పదు. ఆర్వో పెడితే తోడిన నీళ్లలో మంచి భాగం కాలువలోకే పోతుంది. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకరు. గిరాకీ పెరిగేదీ సరిగ్గా ఆ ఎండాకాలంలోనే.

ఇక సీసా. అసలు కథంతా ఇక్కడే ఉంది.

హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు 1872లో పేటెంటు తీసుకున్న గోళీ సీసా మన దగ్గరికి వచ్చి, ప్రతి తాలూకా కేంద్రంలో ఒక సోడా షాపును నిలబెట్టింది. ఆ షాపువాడు లక్షాధికారి కాదు. చిన్న గ్యాసు సిలిండరు, చేత్తో తిప్పే యంత్రం, నాలుగైదు డజన్ల సీసాలు, అంతే. అంత చిన్నవాడు అంత చవగ్గా ఎలా అమ్మగలిగాడు? సీసా మనది కాదు కాబట్టి. టప్‌మని గోళీ నొక్కి, తాగి, సీసా అక్కడే ఇచ్చేసేవాళ్లం. ఇంటికి పట్టుకెళ్లాలంటే డిపాజిట్ కట్టాలి. ఒక్క సీసా పగిలేదాకా ఎన్నిసార్లు నిండేదో ఎవరికీ లెక్క ఉండేది కాదు. సోడా ధరలో సీసా ఖరీదు కంటికి కనిపించనంతగా అరిగిపోయేది.

రామచంద్రపురం ఆర్టోస్‌ను తలుచుకోండి. 1919లో మొదలైన పానీయం. కోకాకోలా 1977లో దేశం వదిలి వెళ్లడం చూసింది, 1993లో తిరిగొచ్చి థమ్సప్‌ను కొనేయడమూ చూసింది, ఇప్పటికీ బతికే ఉంది. రుచి వల్ల, గోదావరి జిల్లాల జనం మమకారం వల్ల అని అందరూ అంటారు, నేనూ ఒప్పుకుంటాను. వాటితో పాటు తిరిగొచ్చే గాజు సీసా, దగ్గర దూరం కూడా దాన్ని కాపాడాయని నా అభిప్రాయం. క్రేటు నిండుగా వెళ్లేది, ఖాళీగా వచ్చేది. ఆ రాకపోకలే చిన్నవాడి మూలధనం.

ఇప్పుడు సైబరాబాద్ చూడండి. సీసా పద్నాలుగో అంతస్తుకు వెళ్తుంది, ప్యాంట్రీ చెత్తబుట్టలో పడుతుంది, తిరిగి రాదు. లేదా యాప్ కుర్రాడి సంచిలో అపార్ట్‌మెంట్‌కు వెళ్తుంది, తిరిగి రాదు. అంటే ప్రతిసారీ తయారీదారుడు కొత్త సీసా కొనాలి. సీసా, మూత, లేబుల్ కలిపి 14 రూపాయలనుకుందాం. నన్నారి వేరు, బెల్లం, నిమ్మ, నీళ్లు, గ్యాసు అన్నీ కలిపినా లోపలి సరుకు అంత కాకపోవచ్చు. కొన్నవాడు పారేసేదాని ఖరీదు తాగేదాని ఖరీదును మించిపోతుంది. 'ప్యాకింగ్ షోకులకు డబ్బులు తీసుకుంటున్నాడు' అనే ఆరోపణ ఇక్కడి నుంచే పుడుతుంది. అది షోకు కాదు, తప్పించుకోలేని ఖర్చు.

సీసా చవగ్గా కొనుక్కోవచ్చు కదా అంటారు. హైటెక్ సిటీకి పది కిలోమీటర్లు కూడా లేని సనత్‌నగర్‌లో ఏజీఐ గాజు ఫ్యాక్టరీ ఉంది, భువనగిరిలో మరొకటి ఉంది. ఇంటి పక్కనే కొలిమి ఉన్నా చిన్నవాడికి అందులో సీసా పుట్టదు. గాజు కొలిమి ఏళ్ల తరబడి ఆరకుండా మండాలి, ఆరితే పాడవుతుంది. ఒక ఆకారం నుంచి మరో ఆకారానికి అచ్చులు మార్చాలంటే నడుస్తున్న లైను ఆపాలి. "నాకు 5,000 చాలండి" అన్నవాడి కోసం ఎవరూ లైను ఆపరు. తప్పు ఫ్యాక్టరీది కాదు, కొలిమి స్వభావమే అంత. దాంతో అతను బజారులో హోల్‌సేలు వ్యాపారి దగ్గరికి వెళ్తాడు. ఏ ఆకారం ఉంటే అది, చెప్పిన ధరకు. వచ్చే నెల ఆ ఆకారం దొరకదు. మెడ కొలత మారితే మూత మారాలి, పొట్ట కొలత మారితే లేబుల్ మారాలి, పాత లేబుళ్లు వేల సంఖ్యలో మూలన పడతాయి.

ప్లాస్టిక్‌లో పోయొచ్చుగా? పెట్ సీసా గోడ గుండా గ్యాసు మెల్లగా జారిపోతూనే ఉంటుంది. సీసా ఎంత చిన్నదైతే లోపలి సరుకుకు గోడ వైశాల్యం అంత ఎక్కువ, గ్యాసు అంత త్వరగా పోతుంది. పెద్ద సీసా నెలలు ఆగినా చిన్నది ముందే చప్పబడుతుంది. పోనీ గ్యాసు లేని రసాన్ని వేడివేడిగా నింపుదామా? మామూలు పెట్ 70 డిగ్రీల దగ్గరే మెత్తబడి ముడుచుకుంటుంది. వేడిని తట్టుకునే రకం వేరు, దాని ధరా వేరు. క్యాన్లయితే ప్రింటు ఆర్డరు సాధారణంగా లక్షల్లోనే మొదలవుతుంది. ముడి సరుకుదీ అదే తీరు. చిత్తూరు తోతాపురి గుజ్జు వ్యాపార సరుకుగా వచ్చేది ఎక్కువగా 215 కిలోల డ్రమ్ముల్లో. ఒకసారి తెరిస్తే మొత్తం వాడేయాలి. రోజుకు రెండు వందల సీసాలు నింపేవాడు ఆ డ్రమ్మును ఏం చేసుకుంటాడు?

పన్ను దగ్గరికి వస్తే నాకు కోపం ఆగదు.

రుచి, తీపి ఏదీ కలపని ఉత్త సోడా మీద ఇప్పుడు జీఎస్టీ 5 శాతం. ఆ సోడాలో జీలకర్ర రుచి ఒక్క చుక్క కలిపితే, చక్కెర రేణువు లేకపోయినా, 40 శాతం. అసలైన పండ్ల రసం పోసి గ్యాసు ఎక్కించినా 40 శాతమే. గ్యాసు లేని పండ్ల పానీయమైతే, అందులో ఎంత చక్కెర కుమ్మరించినా, 5 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లో ఉన్న రేట్లివి. అంతకుముందు కూడా గ్యాసు పానీయాలకు 28 మీద 12 సెస్సు కలిపి 40 శాతమే ఉండేది. జనం ఆరోగ్యం కోసమే ఇంత పన్ను అని సమర్థించేవాళ్లున్నారు. ఆరోగ్యం కోసమైతే చక్కెరను తూచి పన్ను వేయాలి. ఈ పన్ను చక్కెరను చూడటం లేదు, బుడగను చూస్తోంది.

60 రూపాయల ఎమ్మార్పీలో 40 శాతం పన్ను అంటే 17 రూపాయల 14 పైసలు. అదే 5 శాతమైతే 2 రూపాయల 86 పైసలు. బుడగ ఒక్కదాని ఖరీదు 14 రూపాయల పైచిలుకు. ఇందులో ఇంకో బాధ ఉంది. పన్ను పడేది పానీయం మీద మాత్రమే కాదు, మొత్తం ధర మీద. 14 రూపాయల సీసా ఖర్చు ధరలో చేరింది కాబట్టి దాని మీదా 40 శాతం పడుతుంది, అంటే మరో 5 రూపాయల 60 పైసలు. సీసా తిరిగి రాక ఒకసారి నష్టపోయినవాడు దాని మీద పన్నుతో రెండోసారి నష్టపోతాడు.

చిన్నవాళ్లకు మినహాయింపులు ఉంటాయిగా అని అడగొచ్చు. ఏటా కోటిన్నర లోపు వ్యాపారమున్న తయారీదారులు 1 శాతం కట్టి బయటపడే కాంపోజిషన్ పథకం ఉంది. అందులోంచి గ్యాసు పానీయాలవాళ్లను 2019లో తీసేశారు. ఐస్‌క్రీమ్, పాన్‌మసాలా, పొగాకు వాళ్ల వరసలో గోళీ సోడావాణ్ని కూర్చోబెట్టారు. సరుకులు అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేని హద్దు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. నేరుగా 60 రూపాయలకు అమ్ముకున్నా రోజుకు 91 సీసాలు దాటితే ఆ హద్దు దాటినట్టే. తొంభై ఒక్క సీసాలు! ఒక్క మైండ్‌స్పేస్ భవనంలో ఒక్క మధ్యాహ్నం అమ్ముడుపోయే సరుకు. అదే పని తాడేపల్లిలో చేస్తే ఇంకో అంత దాకా గుమాస్తా అవసరం రాదు.

పెద్ద కంపెనీకీ 40 శాతమేగా, వాళ్లు 10 రూపాయలకు ఎలా ఇస్తున్నారు? 2023లో క్యాంపా తిరిగొచ్చి 200 మిల్లీలీటర్లు 10కే ఇచ్చినప్పటి నుంచీ ఈ ప్రశ్న ప్రతి చిన్న తయారీదారుడి ముఖాన పడుతోంది. ఆ పదిలో పన్ను పోను మిగిలేది 7 రూపాయల 14 పైసలు. అందులోనే ప్లాస్టిక్, సరుకు, లారీ, డీలరు, కిరాణావాడు అందరూ సర్దుకోవాలి. నిమిషానికి వందల సీసాలు ఊది, నింపి, మూత బిగించే లైను, ఏళ్ల తరబడి లాభం లేకుండా బజారును పట్టుకోగల డబ్బు ఉన్నవాడికి అది సాధ్యం. చిన్నవాడి 60 పక్కన ఆ 10ని పెట్టి నీతి తేల్చడం, అమ్మ చేసిన ఆవకాయ ధరను కంపెనీ పచ్చడి ప్యాకెట్ ధరతో తూచడం లాంటిదే.

షాపు ఫ్రిజ్ దాకా చేరాక ఏం జరుగుతుందో కొనేవాళ్లకు కనపడదు. ఒకే సరుకు మీద రెండు ఎమ్మార్పీలు ముద్రించకూడదని 2018 నుంచి నిబంధన. కొనుగోలుదారుడికి అది మంచిదే, నేను సమర్థిస్తాను. కానీ దాని ఫలితం ఏమిటంటే, కమీషన్ ఎక్కువ తీసుకునే యాప్‌కూ, తక్కువ తీసుకునే వీధి చివర కిరాణాకూ ఒకే ధర ముద్రించాలి. ఎక్కువ కోసే చోట బతికి బట్టకట్టే ధరే అన్నిచోట్లా పడుతుంది. కొండాపూర్ కిరాణాలో సీసా కొన్న ముసలాయన యాప్ కమీషన్‌ను కూడా తనకు తెలియకుండా మోస్తున్నాడు. అమ్ముడుపోనిది, గడువు దాటింది తయారీదారుడి ఖాతాలోకే తిరిగొస్తుంది. ఖాళీ సీసా రాదు, నిండు సీసా మాత్రం వస్తుంది.

ఐటీ కారిడార్‌కు మాత్రమే ఉన్న జబ్బు ఇంకొకటి. ఇంటి నుంచి పని అలవాటయ్యాక ఆఫీసులు నిండేది మంగళ, బుధ, గురువారాలే. శుక్రవారం మధ్యాహ్నానికి నానక్‌రామ్‌గూడ రోడ్లు ఖాళీ. ప్రిజర్వేటివ్ లేని రసానికి ఐదారు రోజుల ప్రాణం, గిరాకీ మూడు రోజులు. బుధవారం వాన పడితే ఆ వారం బ్యాచ్ సగం పారబోతే. ఆ పారబోసినదాని ఖర్చు అమ్ముడైన సీసాల మీదే పడుతుంది, ఇంకెక్కడ పడుతుంది? క్యాంటీన్ కాంట్రాక్టర్ల బిల్లుల సంగతి చెప్పక్కర్లేదు. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టమే చెబుతోంది. ఆ చట్టం పట్టుకుని నిలదీసినవాడికి మరుసటి నెల ఆర్డరు రాదు. ఈలోగా పంచదార, గ్యాసు సిలిండరు, సీసాల వ్యాపారి ముగ్గురికీ రొక్కమే కావాలి. ఆ మధ్య దూరాన్ని వడ్డీకి తెచ్చిన డబ్బుతో పూడుస్తారు. ఆ వడ్డీ కూడా మీ 60లో ఉంది.

"పెద్దదయితే అన్నీ సర్దుకుంటాయి, పెట్టుబడి తెచ్చుకో, పది నగరాలకు వెళ్లు" అని సలహా ఇచ్చేవాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను. వాళ్లు సాఫ్ట్‌వేర్‌ను చూసి పానీయాన్ని అర్థం చేసుకుంటున్నారు. సాఫ్ట్‌వేర్‌కు రెండో కాపీ దాదాపు ఉచితం. సీసాకు రెండో సీసా కావాలి, రెండో మూత కావాలి, బెంగళూరుకు పంపితే చల్లని లారీ కావాలి. దూరం పెరిగే కొద్దీ ఖాళీ సీసా తిరిగొచ్చే ఆశ చస్తుంది, నిలవ కోసం రుచి చస్తుంది. ఆర్టోస్ వందేళ్లు నిలిచింది పది నగరాలకు పరుగెత్తి కాదు.

చిన్నవాళ్లందరూ మచ్చలేనివాళ్లని నేను అనడం లేదు. ఎసెన్సు పోసి 'బామ్మ చేతి వంటకం' అని లేబుల్ వేసేవాళ్లున్నారు. రోగాలు నయమవుతాయని చెప్పేవాళ్లున్నారు. వాళ్లను పట్టుకోవాల్సిందే. పరీక్షలు, లైసెన్సులు సడలించమని కూడా నేను అడగను, పసిపిల్లలు తాగే వస్తువు ఇది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడితే, 2025 అక్టోబరులో గానీ ఆహార భద్రతా సంస్థ తీపి పానీయాల మీద 'ఓఆర్ఎస్' అనే మాట వాడకూడదని తేల్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు. ఆ పేరుతో అమ్ముడైన డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. విరేచనాలతో ఉన్న బిడ్డకు తల్లి మందనుకుని పట్టించింది అదే. పేరున్న పెద్ద కంపెనీల సరుకే అది, మందుల షాపుల్లోనే అమ్మారు. చిన్నవాడంటే అనుమానం, పెద్దవాడంటే నమ్మకం అనే మన అలవాటుకు ఆ ఎనిమిదేళ్లు జవాబు.

ధర తగ్గే దారి లేదా? ఉంది, అదీ ఈ కారిడార్‌లోనే. తాలూకా సోడా షాపుకు ఉన్న సదుపాయం సైబరాబాద్‌కు ఇంకా ఎక్కువగా ఉంది. వేలమంది ఒకే గేటు గుండా వెళ్తారు, ఒకే క్యాంటీన్‌లో తాగుతారు. హౌస్‌కీపింగ్ సిబ్బంది సాయంత్రం ఆ సీసాలను ఎలాగూ ఏరుతున్నారు. నిండు క్రేటు ఎక్కిన లిఫ్టులోనే ఖాళీ క్రేటు దిగొచ్చు. 14 రూపాయల సీసా పదిసార్లు తిరిగితే ఒక్కోసారి నింపినందుకు పడేది 1 రూపాయి 40 పైసలు, కడగడం ఖర్చు అదనం. అసలు సీసానే లేకుండానూ చేయొచ్చు. ఇదే గచ్చిబౌలిలో మైక్రోబ్రూవరీలు ట్యాంకులోంచి నేరుగా గ్లాసులోకి బీరు పోస్తున్నాయి. బీరుకు వీలైనప్పుడు నన్నారికీ, జీలకర్ర సోడాకూ కుళాయి పెట్టడానికి అడ్డేమిటి? ఒక క్యాంపస్ మేనేజరు తలుచుకుంటే చాలు. చక్కెరను బట్టి పన్ను, తెలంగాణలోనూ 40 లక్షల హద్దు, కాంపోజిషన్‌లో చోటు మాత్రం ప్రభుత్వాల చేతిలో ఉన్నాయి, అవి అడిగి సాధించుకోవాలి.

బాలానగర్ వైపు నాకు తెలిసిన ఒకతను లేబుల్ మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ "ఖాళీ సీసా తిరిగి ఇవ్వండి" అని అచ్చు వేయించాడు. వచ్చే కొద్ది సీసాలను వేడి కాస్టిక్ నీళ్లలో కడిగి, ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు ఎత్తిపట్టి, పగులు ఉందేమో చూసి మళ్లీ నింపుతాడు. మిగతావి ఏ భవనంలో ఏ అంతస్తులో ఆగిపోయాయో అతనికి తెలుసు, ఎక్కించి వచ్చింది అతనే.